ట్రౌట్ ట్రిప్‌కి ఫ్లై రాడ్, రీల్: ఒక్క 5 వెయిట్‌తో సరిపెట్టుకోవచ్చా?

కొండవాగు | #1

అందరికీ నమస్కారం. ఆరు రోజుల ట్రౌట్ ట్రిప్‌కి, అంటే చన్నీళ్ల చేప ట్రౌట్‌ని ఫ్లైతో (ఈకలు, దారంతో కట్టిన ఉత్తుత్తి పురుగు ఎరతో) పట్టడానికి, సామాను ఎంచుకోవాలి. నీళ్లు రెండు రకాలు. ఒకటి రాళ్ల మీద దూకుతూ వచ్చే వాగు. వెడల్పు 5 నుంచి 8 మీటర్లు, చాలా చోట్ల కొమ్మలు నీళ్ల మీదికి వాలి ఉంటాయి. రెండోది 25-30 మీటర్ల ఏరు. అందులో మోకాలి లోతు పరుగు నీళ్లు ఎక్కువ, వంపుల దగ్గర రెండు నిలువుల మడుగులు, మధ్యాహ్నం నుంచి ఎదురుగాలి. చేపలు రెయిన్‌బో, బ్రౌన్. మామూలుగా 25-40 సెంటీమీటర్లు, ఏట్లో 2 కిలోలు దాటేవీ ఉన్నాయి.

9 అడుగుల 5 వెయిట్ (రాడ్ మోసే లైన్ బరువుకి గుర్తు) నాలుగు ముక్కల రాడ్ ఉంది, రీల్ లేదు. ఈ ఒక్క రాడ్ చాలా? రెండోది కావాలంటే ఏది? రీల్‌కి డిస్క్ డ్రాగ్ (లైన్ బయటికి పోతుంటే పట్టి ఉంచే, బిగింపు మార్చుకోగల బ్రేకు) తప్పనిసరా, క్లిక్ రీల్ (టకటకమనే పళ్ల చక్రంతో కాస్తంతే ఆపేది) సరిపోతుందా? బ్యాకింగ్ (రీల్‌లో ఫ్లై లైన్ కింద చుట్టే సన్నని దారం) ఎంత? విమాన ప్రయాణం కాబట్టి మూడో రాడ్ కుదరదు.

పాత_రీల్ | #2

కొండవాగు గారూ, ఏ ఫ్లైలు వేస్తారో ముందు తేల్చుకోండి. ఫ్లైని బట్టి లైన్, లైన్‌ని బట్టి రాడ్, ఆ తర్వాతే రీల్. చాలామంది దీన్ని తిరగేసి ముందు రాడ్ కొంటారు, చివర్లో ఏదో ఒక లైన్ ఎక్కిస్తారు. ఇబ్బందులన్నీ అక్కడే మొదలవుతాయి.

ఫ్లైకి సొంత బరువు లేనట్టే. దాన్ని మోసుకెళ్లేది లైన్ బరువు. రాడ్ మీద రాసిన 5 అనేది లైన్ మొదటి 30 అడుగుల (9.14 మీటర్ల) బరువుకి గుర్తు. 3 వెయిట్ అంటే 100 గ్రెయిన్లు, 4 అంటే 120, 5 అంటే 140, 6 అంటే 160. 140 గ్రెయిన్లంటే 9 గ్రాములు. 5కీ 6కీ తేడా గ్రాము పైచిలుకే, కానీ గాలికి ఎదురుగా పెద్ద ఫ్లై విసిరినప్పుడు ఆ గ్రాము చేతికి స్పష్టంగా తెలుస్తుంది.

12 నుంచి 18 సైజు (అంకె పెరిగితే ఫ్లై చిన్నది) డ్రై ఫ్లైలు (నీళ్ల మీద తేలేవి), చిన్న పూసల నింఫ్‌లు (మునిగే పురుగు పిల్లల్లాంటివి) అయితే 5 వెయిట్ హాయిగా మోస్తుంది. 4-6 సైజు బరువైన స్ట్రీమర్లు (చిన్న చేపలా కదిలే పెద్ద ఫ్లైలు), అదీ ఎదురుగాలిలో అంటే దాని శక్తికి మించిన పని. లూప్ (విసిరినప్పుడు గాల్లో లైన్ మడత) తెరుచుకుపోతుంది, ఫ్లై వీపుకి తగులుతుంది. స్ట్రీమర్లు రోజులో గంటో రెండు గంటలో అయితే 5తో సర్దుకోవచ్చు. రోజంతా అవే అయితే 9 అడుగుల 6 వెయిట్ ఉండాలి.

మీరు చెప్పిన నీళ్లకి మీ 5 వెయిట్‌నే ప్రధాన రాడ్‌గా ఉంచుకోండి. రెండో రాడ్ దానికి దగ్గరగా ఉండకూడదు. 5 పక్కన 6 పెట్టుకుంటే రెండూ దాదాపు ఒకే పని చేస్తాయి, మోత తప్ప లాభం లేదు.

ఈకలపురుగు | #3

పాత రీల్ గారి మాటే నాదీ. వాగుకి మాత్రం 9 అడుగులు ఎక్కువ. కొమ్మల కింద 7 అడుగుల 6 అంగుళాల 3 వెయిట్ పెట్టుకోండి, మీడియం యాక్షన్‌ది (యాక్షన్ అంటే రాడ్ ఎంత మేర వంగుతుందో).

యాక్షన్ గురించి కాస్త వివరంగా చెప్పాలి. 5 మీటర్ల వాగులో విసిరే దూరం 4-7 మీటర్లు. అందులో లీడర్ (లైన్ కొసన కట్టే సన్నని దారం) తీసేస్తే రాడ్ కొస బయట ఉండే లైన్ 2-4 మీటర్లే. 3 వెయిట్‌కి 9 మీటర్లకి 100 గ్రెయిన్లు అన్నారు కదా, 3 మీటర్లకి అందులో మూడో వంతు కూడా ఉండదు, ఎందుకంటే లైన్ ముందు భాగం సన్నగా చెక్కినట్టు ఉంటుంది. అంత తక్కువ బరువుకి ఫాస్ట్ యాక్షన్ (కొస దగ్గరే వంగే గట్టి) రాడ్ వంగనే వంగదు. వంగని రాడ్ విసరదు, చేత్తో తోయాల్సి వస్తుంది. మీడియం రాడ్, లేదా ఫైబర్‌గ్లాస్ రాడ్, ఆ కాస్త బరువుకే సగం దాకా వంగి ఫ్లైని మెల్లగా దించుతుంది. సన్నని టిప్పెట్‌కి (లీడర్ చివర ఫ్లై కట్టే దారం) కుదుపు తగలకుండా కాపాడేదీ ఆ మెత్తదనమే.

ఈ రాడ్‌కి క్లిక్ రీల్ చాలు. 25 సెంటీమీటర్ల చేపని చాలాసార్లు రీల్ దాకా రానివ్వం, లైన్ చేత్తోనే లాగేస్తాం.

మడుగులోతు | #4

నేను ఒప్పుకోను. వాగుకి పొట్టి రాడ్ అన్నది అలవాటుగా వస్తున్న మాట. కొండవాగు గారి వాగు రాళ్ల మీద దూకే వాగు. అలాంటి చోట ఒక్కో రాయి వెనకా బల్లంత మేర నెమ్మది నీళ్లు, దాని చుట్టూ వడి. ఫ్లై నెమ్మది నీళ్లలో పడుతుంది, లైన్ మాత్రం మధ్యలో వడి మీద పడుతుంది. రెండు సెకన్లలో లైన్ ఫ్లైని ఈడ్చుకుపోతుంది. ఈడ్చుకుపోయే ఫ్లైని ట్రౌట్ ముట్టదు. 10 అడుగుల 3 వెయిట్ ఉంటే లైన్ మొత్తం గాల్లోకి ఎత్తి పట్టుకుని, నీళ్లలో టిప్పెట్ ఒక్కటే ఉంచొచ్చు. పొట్టి రాడ్‌తో ఆ పని కాదు.

అదే రాడ్ ఏట్లో పరుగు నీళ్లకి నింఫ్ రాడ్‌గా పనికొస్తుంది. అంటే 9 అడుగుల 5, 10 అడుగుల 3, ఈ రెండింటితో రెండు నీళ్లూ పూర్తిగా అందుతాయి. 7 అడుగుల 6 అంగుళాలది ఏట్లో ఉపయోగపడదు.

దీని రీల్ విషయంలో రెండు జాగ్రత్తలు. నింఫింగ్‌కి రాడ్ కొస దగ్గర ఉండేది లావు లైన్ కాదు, పొడవాటి సన్నని మోనో (ఒంటి పోగు నైలాన్) లీడర్. మామూలు రీల్‌లో స్పూల్‌కీ ఫ్రేమ్‌కీ మధ్య వెంట్రుకంత సందు ఉంటుంది. ఆ సందులోంచి మోనో జారి స్పూల్ వెనక్కి చేరి ఇరుసుకి చుట్టుకుంటుంది. చేప ఉన్నప్పుడు అలా జరిగిందా, అంతే సంగతులు. అందుకని స్పూల్ చుట్టూ ఫ్రేమ్ పూర్తిగా మూసి ఉండే ఫుల్ కేజ్ రీల్ తీసుకోండి.

రెండోది బరువు. 10 అడుగుల రాడ్ కొస బరువుగా ఉంటుంది. 110 గ్రాముల తేలికపాటి రీల్ పెడితే రాడ్ ముందుకి వాలిపోతుంది. రోజంతా చెయ్యి ఎత్తి పట్టుకునే పద్ధతిలో మణికట్టు లాగేస్తుంది. 150-200 గ్రాముల రీల్ పెడితే సరిపోతుంది. తేలిక రీల్ గొప్ప అన్న ప్రచారం ఈ రాడ్లకి వర్తించదు.

ఈకలపురుగు | #5

> 10 అడుగుల 3 వెయిట్ ఉంటే లైన్ మొత్తం గాల్లోకి ఎత్తి పట్టుకుని

తల పైన చోటు ఉంటే నిజమే. కొండవాగు గారు కొమ్మలు నీళ్ల మీదికి వాలి ఉంటాయని రాశారు. మూడు మీటర్ల రాడ్‌ని అక్కడ నిలబెట్టడానికే వీలుండదు, చేప పడ్డాక ఎత్తితే కొస ఆకుల్లో ఇరుక్కుంటుంది. వాగు తెరిపిగా ఉంటే మడుగులోతు గారి మాటే సరైనది. కొమ్మలు మూసేసి ఉంటే పొట్టిదే. ఎంత మేర మూసి ఉందో మీరే చెప్పాలి.

కొండవాగు | #6

మూడో వంతు మూసి ఉంటుంది, మిగతాది తెరిపే. అయితే 10 అడుగుల 3 వైపే మొగ్గుతున్నాను. మూసి ఉన్న చోట 10 అడుగులతో ఏం చేయాలి?

మడుగులోతు | #7

విల్లు కాస్ట్. టిప్పెట్ కొసన ఫ్లైని కొక్కెం వంపు దగ్గర బొటనవేలు, చూపుడువేలితో పట్టుకోండి, ముల్లు వేళ్లకి బయటే ఉండాలి. లైన్‌ని రాడ్ చేతి వేలితో గ్రిప్‌కి అదిమి పెట్టండి. ఫ్లైని వెనక్కి లాగితే రాడ్ కొస వంగుతుంది. గురి చూసి వదలండి. బయట ఉండే లీడర్, టిప్పెట్ కలిపి రాడ్ పొడవుకి కాస్త తక్కువ ఉండాలి. 10 అడుగుల రాడ్‌తో ఇలా కొమ్మల కిందుగా 5 మీటర్లు దాకా వెళ్తుంది. పొడవు రాడ్ ఇక్కడ అడ్డం కాకపోగా కలిసొస్తుంది, చేపకి దూరంగా నిలబడొచ్చు.

ఎదురీత | #8

5 వెయిట్ రాడ్ ఎలాంటి యాక్షన్‌దో కొండవాగు గారు చెప్పలేదు. ఫాస్ట్ అయితే లైన్ కొనేముందు పెట్టె మీద గ్రెయిన్ల సంఖ్య చూడండి. WF5F (ముందు భాగం బరువైన, తేలే 5 వెయిట్ లైన్) అని రాసి ఉన్నవన్నీ 140 గ్రెయిన్లు ఉండవు. ప్రమాణం ప్రకారం 134 నుంచి 146 దాకా 5 వెయిట్ కిందే లెక్క. ఇప్పుడు వచ్చే ఫాస్ట్ రాడ్లని తేలిగ్గా వంచడానికి సగం సైజు, ఒక్కోసారి పూర్తి సైజు బరువెక్కించి కూడా 5 అనే రాస్తున్నారు. కాబట్టి రాడ్ గట్టిగా ఉందని 6 లైన్ ఎక్కించే ముందు, చేతిలో ఉన్న 5 లైన్ అసలు బరువెంతో చూడండి. సగం సైజు బరువైన 5 ఉండి, దాని మీద బరువైన 6 కొంటే రాడ్ రెండు సైజుల దాకా ఎక్కువ మోస్తుంది. దగ్గర్లో బాగానే ఉంటుంది, 12 మీటర్లు దాటగానే రాడ్ కూలబడి లూప్ తెరుచుకుంటుంది.

WF (బరువు ముందు భాగంలో ఉండేది), DT (రెండు కొసలే సన్నగా, మధ్యంతా ఒకే లావు) సంగతి కూడా చాలామంది అనవసరంగా పెద్దది చేస్తారు. మొదటి 9 మీటర్లు రెండూ దాదాపు ఒకటే. వాగులో తేడానే తెలియదు. ఏట్లో 15 మీటర్ల మీద రోల్ కాస్ట్ (లైన్‌ని వెనక్కి విసరకుండా ముందుకి దొర్లించి వేయడం), మెండింగ్ (నీళ్ల మీద పడ్డ లైన్‌ని ఎగువకి మళ్లించడం) చేయాలంటే DT మేలు, లావు భాగం చేతి దాకా ఉంటుంది కాబట్టి. గాలిలో దూరం విసరాలంటే WF మేలు. మీకు గాలి ఉందన్నారు, WF తీసుకోండి.

గాలికి ఇంకో మాట. రాడ్ మార్చేముందు లీడర్ మార్చండి. 9 అడుగులది తీసి 7 అడుగుల 6 అంగుళాలది పెట్టండి. ఎదురుగాలిలో వెనక కాస్ట్ కాస్త పైకి, ముందు కాస్ట్ నీళ్ల వైపు కిందికి గురిపెట్టండి. లూప్ విచ్చుకునేసరికి ఫ్లై నీళ్ల మీద ఉండాలి, గాల్లో తేలకూడదు.

ఇంకొకటి ముఖ్యం, చన్నీళ్ల లైన్ కొనండి. ట్రాపికల్ అని రాసిన లైన్ల పూత వేడిలో మెత్తబడకుండా గట్టిగా చేస్తారు. 10 డిగ్రీల నీళ్లలో అది తీగలా చుట్టలు చుట్టుకుంటుంది, ఎంత సాగదీసినా నిటారుగా రాదు.

సన్నదారం | #9

రీల్ డ్రాగ్ గురించి ఎవరూ సూటిగా చెప్పలేదు. టిప్పెట్ నుంచి లెక్క కట్టాలి.

టిప్పెట్ మందం తెలుసుకోవడం సులువు. 11లోంచి X అంకె తీసేస్తే అంగుళంలో వెయ్యో వంతులు వస్తాయి. 5X అంటే 0.006 అంగుళం, దాదాపు 0.15 మిల్లీమీటర్లు. 4X 0.18, 3X 0.20. ఫ్లై సైజుని 3తో భాగిస్తే సుమారుగా టిప్పెట్ వస్తుంది: 12కి 4X, 16కి 5X, 18కి 6X.

5X తెగే బరువు తయారీని బట్టి మారుతుంది, 2 కిలోలు అనుకోండి. డ్రాగ్ దాని నాలుగో వంతుకి పెట్టాలి, అంటే 500 గ్రాములు. ముడి దగ్గర బలం తగ్గుతుంది, రాడ్ గైడ్లలో (లైన్ దూరే వలయాల్లో) రాపిడి, నీళ్ల ఒరిపిడి, ఇవన్నీ డ్రాగ్‌కి తోడవుతాయి కాబట్టి అంతకన్నా బిగించకూడదు. చేతి అంచనా వద్దు. చిన్న స్ప్రింగ్ త్రాసుకి లైన్ కట్టి నెమ్మదిగా లాగి చూడండి.

ఇక్కడే చెడ్డ రీల్ బయటపడుతుంది. చూడాల్సింది డ్రాగ్ గరిష్ఠంగా ఎంత బిగుస్తుందని కాదు. ట్రౌట్‌కి కిలో దాటి ఎప్పుడూ అక్కర్లేదు. స్పూల్ కదలడం మొదలయ్యే క్షణం చూడాలి. త్రాసు ముల్లు 500 దగ్గర నిలకడగా ఉంటే మంచిది. 900 దాకా ఎక్కి, గభాల్న 500కి పడిందంటే ఆ రీల్ 5X ని తెంపేస్తుంది. చేప మొదటి పరుగు అందుకున్నప్పుడు తెగేవన్నీ ఆ కుదుపుకే తెగుతాయి.

పెద్ద ఆర్బర్ (లైన్ చుట్టుకునే స్పూల్ మధ్య భాగం) ఎందుకు మేలో లెక్క చూడండి. రీల్ నిండుగా ఉన్నప్పుడు లైన్ చుట్ట వ్యాసం 8 సెంటీమీటర్లు అనుకుందాం. చేప పరుగెత్తి చుట్ట 5 సెంటీమీటర్లకి తగ్గింది. డ్రాగ్ తిప్పుడు బలం మారదు కానీ లైన్ మీద పడే లాగుడు మారుతుంది. 500 గ్రాములు కాస్తా 800 అవుతుంది. చేప దూరంగా ఉండి, లైన్ మొత్తం నీళ్లలో ఈడుస్తున్నప్పుడే డ్రాగ్ తనంతట తాను బిగుసుకుంటుందన్నమాట. పెద్ద ఆర్బర్ రీల్‌లో చుట్ట వ్యాసం అంతగా తగ్గదు. పైగా 8 సెంటీమీటర్ల దగ్గర ఒక తిప్పుకి 25 సెంటీమీటర్ల లైన్ చుట్టుకుంటుంది, 5 దగ్గర 16కి మించదు. చేప మీ వైపే ఈదుకుంటూ వస్తే ఆ తేడా తెలుస్తుంది.

మీ ఏటికి డిస్క్ డ్రాగ్, పెద్ద ఆర్బర్. ఎదురుగా 2 కిలోల చేప ఉంటే 6X వాడకండి. సన్న టిప్పెట్‌తో గంట సేపు ఆడించి వదిలేసిన చేప బతకదు. 4X తో త్వరగా దరికి తెచ్చి వదలండి. నీళ్లు 20 డిగ్రీలు దాటితే ఆ పూటకి ఆపేయడమే న్యాయం. వేడి నీళ్లలో ఆక్సిజన్ తక్కువ, అలసిన ట్రౌట్ కోలుకోలేదు.

పాత_రీల్ | #10

సన్నదారం గారి పరీక్ష అందరూ చేయదగ్గది. క్లిక్ రీల్ గురించి చిన్న చేర్పు: దాంట్లో డ్రాగ్ స్పూల్ అతిగా తిరిగి లైన్ చిక్కుపడకుండా ఆపడానికే. పెద్ద చేపకి అరచేత్తో స్పూల్ అంచుని ఒత్తి ఆపాలి. దానికి అంచు బయటికి ఉన్న రీల్ కావాలి. మడుగులోతు గారు చెప్పిన ఫుల్ కేజ్‌లో కొన్నింటికి అంచు లోపలే ఉంటుంది, అరచేతికి అందదు. కాబట్టి ఫుల్ కేజ్ తీసుకుంటే డిస్క్ డ్రాగ్ ఉన్నదే తీసుకోండి.

బ్యాకింగ్ సంగతి. ట్రౌట్‌కి 20 పౌండ్ల డాక్రాన్, 70-90 మీటర్లు. చేప అంత దూరం పోతుందని కాదు. బ్యాకింగ్ లేకపోతే 27 మీటర్ల ఫ్లై లైన్ చిన్న చుట్టగా బిగుసుకుని స్ప్రింగులా తయారవుతుంది, నిండని స్పూల్ నెమ్మదిగా చుట్టుతుంది.

సరిగ్గా ఎంత పడుతుందో రీల్ పెట్టె మీద అంకెని నమ్మకుండా ఇలా తేల్చండి. ముందు ఫ్లై లైన్‌ని, ముందు కొస లోపలికి వచ్చేలా, ముడి వేయకుండా స్పూల్ మీద చుట్టండి. దాని మీద బ్యాకింగ్ కట్టి, స్పూల్ అంచుకీ ఫ్రేమ్‌కీ అడ్డుపడకుండా 5-6 మిల్లీమీటర్ల ఖాళీ మిగిలేదాకా చుట్టి, అక్కడ కోసేయండి. ఇప్పుడు మొత్తం విప్పి, తిరగేసి, బ్యాకింగ్ అడుగునా లైన్ పైనా వచ్చేలా చుట్టండి. అంగుళం కూడా తేడా రాదు. విప్పిన లైన్ నేల మీద చిక్కుపడకుండా రెండు కుర్చీల కాళ్లకి చుట్టి పెట్టుకుంటే పని సులువు.

తొందరపడి నిండా చుట్టేస్తే, చేపతో హడావిడిగా చుట్టినప్పుడు లైన్ ఒక పక్కకి పోగుపడి ఫ్రేమ్‌కి రాసుకుంటుంది. పూత ఊడిపోతుంది, ఒక్కోసారి స్పూల్ బిగుసుకుపోతుంది.

ఎదురీత | #11

బ్యాకింగ్ చుట్టేటప్పుడు వేళ్ల మధ్య గుడ్డ పెట్టి బిగించి చుట్టండి. వదులుగా చుట్టిన బ్యాకింగ్‌లోకి పై పొరలు దిగబడతాయి. చేప పరుగెత్తినప్పుడు అక్కడ పట్టేసి, లైన్ ఆగిపోతుంది.

చుట్టడం మొదలుపెట్టక ముందే ఏ చేత్తో తిప్పుతారో తేల్చుకోండి. పెట్టెలోంచి వచ్చిన రీల్ ఎక్కువగా ఎడమ చేతికి పెట్టి ఉంటుంది, అన్నీ కాదు. మార్చాలంటే స్పూల్ తీసి లోపలి ఒకవైపు బేరింగ్‌ని తిరగేయాలి. క్లిక్ రీల్ అయితే పాల్‌ని (పళ్ల చక్రానికి ఆనే నాలుక) తిరగేయాలి. బ్యాకింగ్ అంతా చుట్టాక సంగతి గుర్తొస్తే మళ్లీ మొదటికి.

ముడులు: స్పూల్‌కి ఆర్బర్ నాట్, బ్యాకింగ్‌కీ లైన్‌కీ ఆల్‌బ్రైట్ లేదా నెయిల్ నాట్, లైన్ కొసన లూప్ ఉంటే లీడర్‌ని లూప్ టు లూప్, లీడర్‌కీ టిప్పెట్‌కీ సర్జన్స్ నాట్, ఫ్లైకి ఇంప్రూవ్డ్ క్లించ్. లూప్ టు లూప్ బిగించేటప్పుడు రెండు లూపులూ ఒకదానిలో ఒకటి చతురస్రంగా కూర్చోవాలి. ఒకటి ఇంకోదాన్ని ఉరిలా బిగిస్తే లైన్ లూప్ కోసుకుపోతుంది. నైలాన్ ముడి ఏదైనా బిగించేముందు తడపండి, పొడిగా బిగిస్తే రాపిడి వేడికి అక్కడే బలం పోతుంది.

కొండవాగు | #12

రాడ్ మధ్యలో ముక్కలు వదులై ఊడిపోవడం తరచూ వింటాను. నాలుగు ముక్కల రాడ్‌కి ఇది మామూలేనా? విరిగిపోయే భయం కూడా ఉంది, ట్రిప్ మధ్యలో విరిగితే ఇంకో రాడ్ దొరకదు.

పాత_రీల్ | #13

ఊడటం మామూలే, పట్టించుకోకపోవడమే ప్రమాదం. సగం వదులైన ఫెర్రూల్‌తో (ముక్కలు ఒకదానిలో ఒకటి దూరే చోటు) కాస్ట్ చేస్తే బరువంతా ఆడ ముక్క అంచు మీద పడి అక్కడ సన్నని చీలిక వస్తుంది. అది తర్వాత ఏ చిన్న చేపకో విరుగుతుంది. కాబట్టి గంటకోసారి, అలాగే చోటు మారినప్పుడల్లా, మూడు ఫెర్రూల్స్‌నీ తడిమి చూడండి.

బిగించే పద్ధతి: మగ కొసని పొడి గుడ్డతో తుడవండి, ఇసుక రేణువు ఉంటే గీతలు పడతాయి. రంగు లేని కొవ్వొత్తి మైనం పల్చగా ఒకటి రెండు గీతలు రాయండి. గైడ్లు పావు వంతు పక్కకి ఉండేలా పెట్టి, లోపలికి నెడుతూ తిప్పి వరసలోకి తెండి. తీసేటప్పుడు తిప్పకండి, నేరుగా లాగండి. రాకపోతే రాడ్‌ని మోకాళ్ల వెనక అడ్డంగా పెట్టుకుని, ఫెర్రూల్‌కి రెండు పక్కలా పట్టుకుని, మోకాళ్లు బయటికి తోయండి. బలం సరిగ్గా నిటారుగా పడుతుంది. గైడ్లని పట్టుకుని లాగితే గైడ్ కాళ్లు ఊడి వస్తాయి.

ఇంకో రకం ఫెర్రూల్ ఉంది, లోపల చిన్న కడ్డీ ఉండేది. దాంట్లో బిగించాక కూడా ముక్కల మధ్య చిన్న సందు కనిపించాలి. అది అరుగుదల కోసం వదిలినది. మూసేద్దామని బలంగా నెట్టకండి.

మడుగులోతు | #14

విరగడం గురించి. కార్బన్ రాడ్ వంగితే విరగదు, తప్పు చోట వంగితే విరుగుతుంది.

మొదటిది, చేపని దరికి తెచ్చాక రాడ్ నిటారుగా ఎత్తి వెనక్కి వంచడం. అప్పుడు బరువంతా కొస ముక్క ఒక్కదాని మీద పడుతుంది. రాడ్ నిలువు గీత దాటకూడదు. చేప దగ్గరికొచ్చిందంటే లైన్ కాస్త వదిలి, రాడ్ పక్కకి వాల్చి, వలలోకి నడిపించండి. రెండోది, గ్రిప్‌కి పైన బ్లాంక్‌ని (రాడ్ కర్రని) రెండో చేత్తో పట్టుకోవడం. పట్టుకున్న చోటు కింద ఉన్న బలమైన భాగం పనిచేయడం మానేస్తుంది. మూడోది, లైన్ ఎక్కించేటప్పుడు కొసని వంచి లాగడం. లీడర్‌ని కాదు, లైన్‌నే మడిచి ఆ మడతని గైడ్లలోంచి దూర్చండి. చేయి జారినా వెనక్కి పోదు, వంచే అవసరమూ రాదు. లైన్ బయటికి లాగాల్సి వస్తే నిటారుగా లాగండి. నాలుగోది, రాయికి చిక్కినప్పుడు రాడ్‌తో గుంజడం. రాడ్‌ని చిక్కు వైపు సూటిగా పెట్టి లైన్‌ని చేత్తో పట్టి లాగండి.

వీటికన్నా కనిపించని ప్రమాదం ఒకటి ఉంది. టంగ్‌స్టన్ పూస నింఫ్ కాస్ట్ మధ్యలో రాడ్‌కి టక్కున తగులుతుంది. ఆ క్షణాన ఏమీ అవదు. పూతలో సూది మొనంత గుంట పడుతుంది, లోపలి పీచు తెగి ఉంటుంది. రెండు రోజుల తర్వాత మామూలు చేపకి ఫెళ్లున విరిగితే రాడ్‌లోనే లోపం అనుకుంటారు. బరువు నింఫ్‌ని తల మీదుగా ముందుకీ వెనక్కీ ఒకే దారిలో కాకుండా, వెనక్కి పక్కగా, ముందుకి పైనుంచి, కోడిగుడ్డు ఆకారంలో తిప్పి విసరండి. దెబ్బ తగిలిన శబ్దం వస్తే ఆగి, గోటితో ఆ చోట తడిమి చూడండి. గోరు తగిలేంత గుంట ఉంటే ఆ ముక్కని ఇక పెద్ద చేపకి నమ్మకండి.

మీ 5 వెయిట్‌కి తయారీదారు దగ్గర కొస ముక్క విడిగా దొరికితే కొని పెట్టుకోండి. విరిగేవాటిలో కొస ముక్కే ముందుంటుంది.

ఈకలపురుగు | #15

ప్రయాణం మాట. 9 అడుగుల నాలుగు ముక్కల రాడ్ గొట్టం 75-80 సెంటీమీటర్లు వస్తుంది. క్యాబిన్ సంచికి సాధారణంగా 55 సెంటీమీటర్ల హద్దు ఉంటుంది. కొన్ని సంస్థలు రాడ్ గొట్టానికి మినహాయింపు ఇస్తాయి, కొన్ని ఇవ్వవు. టికెట్ తీసుకున్న సంస్థని ముందే అడగండి. ఇవ్వకపోతే రెండు రాడ్లూ ఒకే గట్టి గొట్టంలో పెట్టి చెక్-ఇన్ చేయండి, ఒక్కో రాడ్‌ని గుడ్డ సంచిలో పెట్టి. గొట్టం లోపల కదలకుండా రెండు కొసలా మేజోళ్లు దూర్చండి. రీళ్లు, లైన్లు చేతి సంచిలోనే. కొక్కేలున్న ఫ్లై పెట్టెలు, కత్తెర, ఫోర్సెప్స్ చెక్-ఇన్‌లోకి పోవాలి, క్యాబిన్‌లో ఆపేయొచ్చు.

దోమల మందు చేతులకి రాసుకుని లైన్ ముట్టుకోకండి. డీట్ అనే పదార్థం లైన్ పూతని కరిగిస్తుంది, రాడ్ వార్నిష్‌ని కూడా. అరచేతి వెనక మాత్రమే రాసుకోండి.

ఒక నీళ్లలోంచి ఇంకో నీళ్లకి వెళ్లేటప్పుడు బూట్లు, వేడర్లు (నీళ్లలో దిగడానికి వేసుకునే ప్యాంట్లు), వల కడిగి ఆరబెట్టాలి. రీల్ మీది తడి బ్యాకింగ్ కూడా మరిచిపోవద్దు, ఆల్గీ దాంట్లోనూ బతుకుతుంది. న్యూజిలాండ్‌లో డిడిమో అనే ఆల్గీ వ్యాప్తి వల్ల 2008 నుంచి ఫెల్ట్ (అదిమిన ఉన్ని) అడుగు బూట్లు నిషేధించారు. అక్కడి సూచన ప్రకారం సామాను చేతికి తడి తగలనంత ఆరాక ఇంకో 48 గంటలు ఆగాలి. మీరు వెళ్లే చోట ఫెల్ట్, ఎదురుముల్లు (బార్బ్) ఉన్న కొక్కెం, ఫ్లైల సంఖ్య మీద నిబంధనలు ఏమున్నాయో లైసెన్సుతో పాటే చూసుకోండి. రెండో నింఫ్ కట్టడం నిషేధమైన చోట 10 అడుగుల రాడ్‌కి కట్టే అమరికే మారిపోతుంది.

కొండవాగు | #16

చాలా విషయాలు తేలాయి. మడుగుల సంగతి ఒక్కటి మిగిలింది. రెండు నిలువుల లోతుకి తేలే లైన్‌తో స్ట్రీమర్ దిగదు. 5 వెయిట్‌కే సింక్ టిప్ (కొస మాత్రం మునిగే లైన్) కావాలా, అదనపు స్పూల్ కొనాలా?

ఎదురీత | #17

అదనపు స్పూల్ కొనండి, రెండో రీల్ కన్నా తేలిక, చోటూ తక్కువ. కానీ అదే రీల్ మోడల్‌కి, అదే సైజుకి ఉన్నదే సరిపోతుంది. రీల్‌తో పాటే కొనేయండి. మోడల్ మారాక పాత స్పూల్ దొరకడం కష్టం.

లైన్ మొత్తం మునిగేది వద్దు. ఏట్లో మెండ్ చేయడానికి వీలుండదు, ప్రతిసారీ లాగి పైకి తేవాలి. 3-4 మీటర్ల కొస మాత్రం మునిగే సింక్ టిప్ చాలు. టైప్ 3 సెకనుకి సుమారు 7-8 సెంటీమీటర్లు దిగుతుంది, టైప్ 6 దాదాపు రెట్టింపు. మూడున్నర మీటర్ల మడుగు అడుగుకి టైప్ 3తో ముప్పావు నిమిషం పడుతుంది. ఆలోపు నీటి వడి లైన్‌ని మడుగు దాటించేస్తుంది. అందుకని టైప్ 6 తీసుకుని, మడుగు పైన పరుగు నీళ్లలో వేసి, లైన్‌ని కాస్త వదులు చేసి లోతులోకి దిగనివ్వండి.

సింక్ టిప్‌కి 9 అడుగుల లీడర్ కట్టకండి. లైన్ దిగినా సన్నని పొడవాటి లీడర్ ఫ్లైని పైకే ఉంచుతుంది. 1 నుంచి 1.2 మీటర్ల 2X లేదా 3X ముక్క, మధ్యలో ముడులు లేకుండా, నేరుగా కట్టండి. ఎత్తేటప్పుడు ముందు లైన్‌ని చేత్తో లాగి టిప్ దాదాపు రాడ్ కొస దాకా తెచ్చి, రోల్ కాస్ట్‌తో నీళ్ల మీదికి రప్పించాకే వెనక కాస్ట్ తీయండి. మునిగి ఉన్న టిప్‌ని ఒక్క గుంజుతో ఎత్తబోతే 5 వెయిట్ రాడ్ మధ్య ముక్క మీద అనవసరపు బరువు పడుతుంది.

రెండు స్పూళ్లకీ బ్యాకింగ్ విడివిడిగా, పాత రీల్ గారు చెప్పిన తిరగేసే పద్ధతిలోనే కొలవండి. సింక్ టిప్ లైన్‌లో మునిగే కొస సన్నగా ఉంటుంది కాబట్టి దాని కింద కాస్త ఎక్కువ బ్యాకింగ్ పడుతుంది. తేలే లైన్‌కి కొలిచిన అంకెనే రెండోదానికీ వాడితే స్పూల్ పూర్తిగా నిండకపోవచ్చు. స్పూల్ మీద చిన్న టేపు ముక్క అంటించి లైన్ పేరు రాసి పెట్టుకోండి, తడిసి నల్లబడ్డాక చీకట్లో రెండూ ఒకేలా కనిపిస్తాయి.